చేటెడు తవుడు

ఆ ప్రొఫెసరు లెక్కలో నేను లేను. లేకపోతే ఏటయింది? ఇదిగో, మనవల్ని ఒళ్లో కూచోబెట్టుకుని మరీ చెప్తన్నాను.

యుద్ధం రోజులవి. కిరసనాయిలు దొరక్క పొద్దు గూకకుండానే గంజి తాగేసేవాళ్లం. మాది గొర్రెలు కాసుకునే ఇల్లు. వానలప్పుడు మందని కొండకి తోలేవాళ్లం. కోతలయ్యేక కిందకి దింపి బుచ్చయ్యపేట పొలాల్లో కట్టేవాళ్లం. గొర్రెల పెంట పడితే చేను పండుతుందని రైతులే పిలిచి గింజలిచ్చేవారు. చెరుకు నరికే కాలానికి అనకాపల్లి పక్కకి చేరేవాళ్లం, చెరుకాకు మేత కోసం.

ఆ చెరుకు రోజుల్లోనే ప్రొఫెసరు వచ్చేడు. మాలాటివాళ్ల బతుకుల మీద పరిశోధనట. మంద ఏ నెల్లో ఎక్కడ మేస్తుంది, ఏ ఆకు తింటుంది, వాన లేకపోతే ఎటు పోతారు, అన్నీ అడిగేడు. మా అయ్య పొంగిపోయేడు. పుట్టి బుద్ధెరిగేక ఆ మనిషిని కూచోబెట్టి మాటడిగినవాడు లేడు మరి. కొండ మీద గడ్డి పేర్లన్నీ చెప్పేడు. తర్వాత ప్రొఫెసరు ఆడవాళ్ల దగ్గరకొచ్చేడు. ఎందరు పుట్టేరు, ఎందరు పోయేరు, ఎందరున్నారు, ఇవీ ఆయన ప్రశ్నలు.

మా అమ్మ పోయినవాళ్లని దాచలేదు. "ముగ్గురు పురిట్లోనే పోయేరు బాబూ. ఇప్పుడు మగపిల్లోడొకడున్నాడు," అంది.

"మరి ఈ పిల్ల?" అని నన్ను చూపించేడు. నాకప్పుడు ఎనిమిదేళ్లుంటాయి. ముక్కూ మొహమూ అచ్చం అమ్మవే.

"అది బీబమ్మగారి పిల్ల. మా కాడ పెరుగుతంది."

బీబమ్మంటే అనకాపల్లి బజార్లో తోళ్లు కొనే సాయిబుగారి భార్య. ముగ్గురు పోయేక నాలుగోదాన్ని కూడా తనదే అంటే చావు మళ్లీ గుమ్మంలోకి వస్తుందని అమ్మ భయం. అందుకని నేను పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. బీబమ్మ వచ్చి చేటెడు తవుడిచ్చి నన్ను కొనుక్కుంది. "నా బిడ్డని పెంచిపెట్టు" అని మళ్లీ అమ్మ చేతిలోనే పెట్టి పోయింది. పిల్లలు నిలవని ఇళ్లలో మా వైపు చేసేదే ఇది. నేను నిలిచేక పుట్టిన తమ్ముడికి ఇది అక్కర్లేకపోయింది. ఆ రోజు నుంచి అమ్మ నన్ను కూతురని అనలేదు. "ఓలే బీబమ్మ పిల్లా, గంజి తాగవే" అనేది.

ఎవరో ఈ సంగతి ప్రొఫెసరు చెవిన వేసేరు. మర్నాడు, మా కొండ మేత ఎవరి చేతిలో ఉందో ఆ ఊరిపెద్దని వెంటేసుకుని నవ్వుకుంటూ వచ్చేడు.

"అదంతా మూఢనమ్మకమమ్మా. నా కూతురే అని ఒక్కసారి చెప్పు. ఏమీ అవదు."

"అవదని పూచీ ఉంటావా బాబూ?"

ఊరిపెద్ద కళ్లెర్రజేసేడు. బాబుగారికి ఎదురు చెప్తే కొండ మీద మేత మాట మర్చిపొమ్మన్నాడు. మేత పోతే మంద పోతుంది, మంద పోతే పొయ్యి వెలగదు. మా అయ్య అమ్మ పక్కకి చేరేడు. "ఒక్క మాటే గదే, సెప్పీయే," అని అమ్మని బతిమాలేడు.

"పోయిన ముగ్గుర్నీ నువ్వు మోసేవేటి మావా?" అంది అమ్మ.

"అది కాదమ్మా, నా లెక్క తప్పుతుంది," అన్నాడు ప్రొఫెసరు.

"నీ లెక్క తప్పితే కొట్టేసి మళ్లీ రాసుకుంటావు. పిల్ల పోతే నాకెవుడు తెచ్చిత్తాడు?" అని, ఊరిపెద్ద వైపు తిరిగింది. "ఆ కొండేదో నువ్వే మేసుకో."

అప్పుడు ప్రొఫెసరు నా ముందుకి వంగేడు. "నువ్వు చెప్పు పాపా, మీ అమ్మ ఎవరు?"

అమ్మ నా వైపు చూడలేదు. పొయ్యిలో బూడిద కెలుకుతోంది. నాకు ఏడుపొచ్చింది, అంతకి మించి ఒళ్లు మండింది.

"బజార్లో ఉంది. పోయి అడుగు," అన్నాను.

అన్నంత పనీ చేసేడు ఊరిపెద్ద. ఆ యేడు కొండ మాకు మూసేసేరు. సబ్బవరం అవతల బీళ్ల మీద తిరిగి తిరిగి మంద సగమైపోయింది. అయ్య సణిగేడు. అమ్మ చెవిన పెట్టలేదు. నేను బతికేను.

మూఢనమ్మకమే, కాదనను. అయితే ఏటంట? మందుందా, డాక్టరున్నాడా? ఆ తవుడు తప్ప మా అమ్మ చేతిలో ఇంకేముంది? దాన్ని కూడా ఇచ్చీమంటే ఎందుకిస్తుంది?

పెళ్లయ్యేక నా మొదటి ఇద్దరూ నిలవలేదు. మూడోది ఆడపిల్ల. పురుడొచ్చిందని తెలిసి అమ్మ చేటలో తవుడేసుకుని దిగింది. మంత్రసాని పిల్లని తీసుకెళ్లి పెంటకుప్ప మీద పెట్టింది. అమ్మ ఆ తవుడు నా ఒళ్లో పోసి, వెళ్లి పిల్లని ఎత్తుకుంది. కొనుక్కున్న పిల్ల గదా, తనదని చెప్పడానికి ఇంక భయమేటి? గుమ్మంలో నిలబడి వీధంతా వినేలా అంది.

"నా కూతురు. ఇది నా కూతురు."

అంటన్నంతసేపూ పిల్లని చూడలేదు. నన్నే చూసింది.