దొర కంటే ముందు ఆపాకి

మా పక్కింటి ఆపా పోయింది. పోయిన శుక్రవారం తెల్లవారి నమాజుకు లేవలేదని కోడలు తట్టి చూస్తే, ఒళ్లు అప్పటికే చల్లబడిపోయిందట. గోడ అవతల ఏడుపు వినపడేసరికి నేను మా పిల్లికి తిండి పెడుతున్నాను.

ఆపా అంటే అక్క. వయసుకు మా అమ్మంత ఉన్నా నరసరావుపేటలో మా వీధి మొత్తానికీ ఆమె ఆపాయే. మధ్యాహ్నాలు గుమ్మంలో కూర్చుని జాకెట్లకు హుక్కులు కుడుతూ, వచ్చేపోయేవాళ్లందరినీ ఏదో ఒకటి అనేది. గోడ మీద పడుకునే మా పిల్లినీ వదిలేది కాదు. "ఏరా, కలెక్టరువా? లేచే టైమేనా ఇది?" అనేది. దాని పేరు దొర.

ఆ దొర ఉన్నట్టుండి గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగుతూ చిక్కిపోయాడు. పశువుల డాక్టరు పరీక్ష చేసి షుగరన్నారు. పొద్దునా సాయంత్రం తిండి పెట్టి ఇన్సులిన్ వేయాలి, మానేస్తే బతకడన్నారు. వీధిలో అందరూ నవ్వారు. నాకేమో సూది పట్టుకోవాలంటేనే భయం. మొదటిసారి మందంతా బొచ్చు మీదే పోయింది, దొర బీరువా కిందికి దూరాడు. నావల్ల కాదు, వాడి ప్రాప్తం ఇంతేనని ఆపా దగ్గర ఏడ్చాను.

"ఏందే, మందు ఫ్రిజ్జులో పెట్టుకుని ప్రాప్తమంటావేంది?" అని కసిరింది. లోపలికెళ్లి తన ఇన్సులిన్, తన సూది తెచ్చుకుని మంచం మీద కూర్చుంది. కొంగు తప్పించి పొట్ట చూపించింది.

"ముందు నాకు యెయ్యి. నొప్పెడితే నేను తిడతా. అది తిట్టలేదు గదా!"

వేశాను. తిట్టలేదు. "చీమ కుట్టినట్టుందే, అంతే. ఇంక పోయి ఆ దొర పని చూడు" అంది.

అప్పట్నుంచి అదే అలవాటైంది. ముందు ఆపాకి వేసి, ఇంటికొచ్చి దొర మెడ వెనక చర్మం పైకి పట్టుకుని వాడికి వేసేదాన్ని. ఓరోజు దొర తిండి ముట్టలేదు. టైమైపోతోందని నేను సూది సిద్ధం చేస్తుంటే ఆపా గోడ మీంచి అరిచింది. "తిననోడికి సూదేందే? నేనైతే కళ్లు తిరిగి పడతా. ముందు డాక్టరుకి ఫోన్ చెయ్యి!" డాక్టరు కూడా ఆపమనే అన్నారు. దొర ఈరోజు ఒళ్లు చేసి గోడలెక్కుతున్నాడంటే ఆపా చలవే.

మూడో రోజు ఆపా పేరిట దువా చేసే జియారత్‌కు వెళ్లాను. కోడలు టీ ఇచ్చి నా పక్కనే కూలబడింది.

"మా అత్తకి సూదంటే చానా భయం అక్కా. నేను యేస్తానంటే దగ్గరికి రానిచ్చేది కాదు. యేసుకున్నానని అబద్ధాలు చెప్పేది. మీ పిల్లికి జబ్బు చేశాకే మీ చేత మానకుండా యేయించుకుంది."

నా భయం పోగొట్టాలని ఆమె తన భయాన్ని దాచుకుందని అన్నాళ్లూ నాకు తెలియనే లేదు. నేను సూది వేసినప్పుడల్లా ఆపా ఎడమచేత్తో మంచం పట్టెను పట్టుకునేది. నడుం నొప్పికి ఆసరా అనుకునేదాన్ని. ఆ చేతి గాజులు పట్టెకు తగిలి సన్నగా చప్పుడు చేస్తూ ఉండేవి.