ముప్పై మిల్లీలీటర్లు

ఈమధ్య మా చిన్నదానికి దగ్గు పట్టుకుంటే, మందు సీసా మూత తీశానో లేదో, ఆ తియ్యటి నారింజ వాసన నన్ను పెద్దపల్లి పక్కన మా పల్లెలోని బర్రెల కొట్టంలోకి లాక్కెళ్ళింది.

వానాకాలం మొదలంటే తడిసిన గడ్డి, పేడ, పొయ్యి మీద వేగే మక్కగారెలు, అన్నీ కలిసి ఒకటే వాసన. మా అమ్మను అవ్వ, నాన్నను బాపు అనేవాళ్ళం. అవ్వ పాలు అమ్మేది. లీటరు, అర లీటరు, పావు లీటరు కొలతలు మేకులకు వరుసగా వేలాడేవి, ముట్టుకుంటే వీపు విమానం మోతే.

ఒక ఏడు మా బర్రెకు పుట్టిన దుడ్డె కడుపుబ్బి, కళ్ళు పీక్కుపోయి, లేవకుండా పడుకుంది. నా చేత్తో పెడితేనే గడ్డి తినేది అది. చచ్చిపోతుందేమోనని నాకు అన్నం దిగలేదు. పశువుల డాక్టరు కడుపులో పురుగులు పోయే నట్టల మందు లీటరు సీసా బాపు చేతికిచ్చి, ఊళ్ళో దుడ్డెలన్నిటికీ ఇదే, ఒక్కోదానికి ముప్పై మిల్లీలీటర్లు అని చెప్పి పంపాడు. మా ఇంట్లో ఉన్నవి పాల కొలతలే. లెక్కల్లో క్లాసు ఫస్టునని నాకు మహా టెక్కు. బొగ్గుతో గోడ మీద రాసి, అంటే సున్నా పాయింట్ మూడు లీటరు, పావు కొలత నిండా పోసి పైన ఇంకాస్త, అని తేల్చేశాను. చదువుకునే బిడ్డ చెప్పింది కదా అని బాపు కొలత నింపి వెదురు గొట్టంలోకి వంచబోయాడు.

అక్షరం ముక్క రాని అవ్వ ఆ చెయ్యి పట్టుకుంది.

“జర ఆగు. ఊరందరి దుడ్డెలకు ఇచ్చిన సీస, గిట్ల పోస్తే మూడింటికే అయిపోతది. మిగిలినయి ఏం తాగుతయి? బిడ్డా, మళ్ళొక్కసారి చూడు.”

చూశాను. వెయ్యితో భాగించాల్సింది వందతో భాగించాను. పది రెట్ల మందు! అక్కడే కూలబడి ఏడ్చాను. అవ్వ తిట్టలేదు, నా దగ్గుమందు మూత తెచ్చిచ్చింది. గీత దాకా పది. మూడు మూతలు పోశాం, ఆ మూత మళ్ళీ ఇంట్లోకి రాలేదు. మూడోనాటికి దుడ్డె లేచి నా గౌను అంచు నమిలింది, ఆ సంతోషంలో గౌను చిరిగినా పట్టించుకోలేదు.

ఇప్పుడా కొట్టంలో మోటార్ సైకిళ్ళున్నాయి, పాలు ప్యాకెట్లలో వస్తున్నాయి, కొలతలు ఏ పాత సామాన్లలో కలిశాయో తెలియదు. నేను బళ్ళో లెక్కలు చెబుతున్నాను. ఫోను నొక్కి జవాబు చెప్పే పిల్లల్ని చూస్తే బెంగగా ఉండేది. మొన్న అర లీటరంటే ఎన్ని మిల్లీలీటర్లని అడిగితే, ఆరో తరగతి పిల్ల ఒకతి తన అర లీటరు నీళ్ళ సీసా పక్కన పెట్టుకుని, బోర్డు మీద ఐదు వేల మిల్లీలీటర్లని రాసింది. నేను నోరు తెరవకముందే సీసా వంక చూసి, అరచేత్తో తుడిచేసింది.

“తప్పయింది టీచర్. గీ సీసల గన్ని నీళ్ళు యాడ పడతయి?”