చెమట పట్టిన రిజిస్టరు

ఒక మనిషి పుట్టినతేదీని పట్టపగలు, పదిమందిలో మాయం చేసినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? లేకపోతే నన్ను చూడండి, తొందరేం లేదు.

ఎనభైల్లో గుంటూరు దగ్గర మా ఊరి చర్చిలో గుమాస్తాని. బీయస్సీ ఫిజిక్స్ పాసై, ఆ సంగతి అడగనివాళ్ళకి కూడా చెబుతుండేవాణ్ణి. పాత బాప్తిస్మాల రిజిస్టరును పురుగు తింటుంటే, చలికి పురుగు చస్తుందని మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో పెట్టించింది కూడా నేనే.

మే నెలలో రూతమ్మ టీచరుగారు వచ్చారు. నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే.

"బడి రికార్డులో నా వయసు రెండేళ్ళు ఎక్కువ పడింది నాయనా. సరైన తేదీ మన రిజిస్టర్లోనే ఉంది. రేపు ఆఫీసరుగారు చూస్తారంట. అది చూపించకపోతే ఈ నెలలోనే నన్ను ఇంటికి పంపేస్తారు."

"నేనున్నాగా టీచరుగారూ!" అంటూ సైకిలెక్కాను.

కోల్డ్ స్టోరేజీలో హమాలీ మేస్త్రి కోటయ్య రిజిస్టరును గోనెపట్టాలో చుట్టి తెచ్చాడు.

"సాయంత్రం దాకా విప్పకుండా ఈ వరండాలోనే ఉంచండి బాబూ. చలిలోంచి వచ్చిన సరుక్కి ఎండగాలి తగిలితే చెమట పట్టుద్ది. మిరపకాయలే నల్లబడిపోతాయి."

"మిరపకాయలు వేరు, పుస్తకం వేరు కోటయ్యా. నేను ఫిజిక్స్ చదివాను."

"చదివారుగా, ఇంకేం," అన్నాడు కోటయ్య.

గోనె అక్కడే పారేసి, చర్చికొచ్చి, పాస్టరుగారి ముందు, టీచరుగారి ముందు రిజిస్టరు తెరిచాను. చూస్తుండగానే కాగితాలకి చెమ్మ పట్టింది.

"అయ్యో, తడుస్తోందిరా!" అన్నారాయన.

తువ్వాలుతో తుడిచాను. తుడిచినచోటల్లా సిరా అలుక్కుపోయింది. టీచరుగారి వరసైనా దక్కించుకుందామని, ఒంటి వేడికి ఆరుతుందని, ఆ పేజీని గుండెలకి హత్తుకున్నాను. తీసి చూస్తే ఆ వరసా లేదు. చదవేస్తే ఉన్న మతి పోతుందంటారు, నాకు రిజిస్టరు కూడా పోయింది.

టీచరుగారు కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. తిట్టినా బాగుండేది. కోటయ్య ఫిజిక్స్ చదవలేదు, చేత్తో తాకి తెలుసుకున్నాడు. నేను చదివి కూడా తెలుసుకోలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పుడు పాస్టరమ్మగారు కేకేశారు. "ఏవండీ, ఆ అబ్బాయి చొక్కా చూడండి!"

అద్దం తెచ్చారు. నా తెల్లచొక్కా మీద కుడిఎడమలు తారుమారైన సిరా అద్దంలో తిన్నగా నిలబడింది. పేరూ, తేదీ, చెక్కుచెదరలేదు.

మర్నాడు ఆఫీసరుగారు "ఒరిజినల్ ఏదండీ?" అంటే పాస్టరుగారు అదే చొక్కాతో ఉన్న నన్ను ముందుకి తోశారు. ఆఫీసరుగారు అద్దంలో చూశారు, రిజిస్టర్లో మరక చూశారు, మళ్ళీ నన్ను చూశారు. నవ్వాపుకుంటూ తేదీ రాసుకున్నారు.

అక్కడే చెయ్యెత్తి ప్రమాణం చేశాను. "చలిలోంచి వచ్చినదాన్ని పూట గడవందే విప్పను. కోటయ్య మాట్లాడుతుంటే ఫిజిక్స్ ఎత్తను."

"ఆమెన్," అన్నారు పాస్టరుగారు.

"అదంతా సరే," అన్నారు టీచరుగారు. "ఆ చొక్కా ఇలా విప్పి ఇచ్చి వెళ్ళు నాయనా. రిటైరయ్యేదాకా నా దగ్గరుండాలి."