ఇవాళ వీడియో లేదు

పొద్దున తొమ్మిదిన్నరకు ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. ఐదేళ్లపాటు ఆ టైముకు కోరుట్లలో మా ఇంటి వాకిట్లో ఫోను స్టాండు నిలబెట్టి మా అత్తమ్మతో కొట్లాడాను. నిజం కొట్లాట కాదు, వీడియో కొట్లాట. నేను గయ్యాళి కోడలు, ఆమె మెతక అత్త. రోజుకొకటి. పండగ లేదు, జ్వరం లేదు, చుట్టాలింట్లో పెళ్లి లేదు. మాటలు రాసేది నేనే, తీసేది నేనే, కత్తిరించి పెట్టేదీ నేనే. ఇప్పుడు వారానికి ఒకటి కూడా పెట్టడం లేదు. పెట్టని ప్రతిరోజూ ఎవరింట్లోనో దొంగతనం చేసి వచ్చినట్టుంటుంది.

నేను పుట్టింది సిరిసిల్లలో, సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే ఇంట్లో. అవి ఆడుతున్నంతసేపు మా అమ్మ కూర్చోగా నేను చూడలేదు. కరెంటు పోతే గోడకానుకుని కాళ్లు చాపుకునేది. వచ్చిందంటే ఎవరో చరిచినట్టు లేచేది. నాకూ అదే బుద్ధి అంటుకుంది. అత్తమ్మ అయితే బీడీల చాట ఒళ్లో పెట్టుకుని సగం జీవితం గడిపిన మనిషి. ఇద్దరికీ ఖాళీ చేతులంటే భయం, అందుకే మా జోడీ అంత బాగా కుదిరింది.

మొదట్లో ఆమెకు ఫోను ముందు సిగ్గు. కొంగు నోటికడ్డం పెట్టుకునేది.

"గట్ల తిడ్తే మంది ఏమనుకుంటరే?"

"ఏమనుకోరు అత్తమ్మా, ఉత్తదే గదా."

సిగ్గు పోయాక నన్నే మించిపోయింది. నేను రాసిన మాట పక్కనపెట్టి తన మాట ఏదో అనేది, అదే బాగుండేది. మస్కట్‌లో పనిచేసే మా ఆయన డ్యూటీ బస్సులో కూర్చుని దోస్తులందరికీ చూపించేవాడు. వేములవాడ గుడికి పోతే లైన్లో ఆడవాళ్లు ఆమె చేయి పట్టుకుని, "గా కోడలు నీకు అన్నమన్న వెడ్తదా అవ్వా?" అని అడిగేవారు, అదీ నేను పక్కనుండగానే. బయటికొచ్చి ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం.

మూడేళ్లు దాటాక ఆమె మాటలు మర్చిపోవడం మొదలైంది. అప్పుడే చెప్పిన మాట, స్టాండు దగ్గరికి వచ్చేసరికి ఉండేది కాదు. నాకు ఒళ్లు మండేది. పొయ్యి మీద కూర, అవతల వీడియో పెట్టే టైము దాటిపోతోంది. "నాలుగు ముక్కలు యాదికుండయా అత్తమ్మా? ఎన్నిసార్లు జెప్పాలె?" అని అరిచేదాన్ని. అది వీడియో అరుపు కాదు. ఆమె వెనక్కి వెళ్లి, మళ్లీ మొదటినుంచి నడిచొచ్చేది.

ఒకరోజు నేను నడుం మీద చేతులు పెట్టుకుని లొల్లి మొదలుపెట్టాను. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "నువ్వెవలవమ్మా? మా కోడలు ఇంట్ల లేదు," అంది.

నేను అలాంటిదేం రాయలేదు. సొంతంగా కల్పించింది, ఏం అన్నదిరా ముసల్ది అని మురిసిపోయాను. నవ్వాపుకుని మిగతాది పూర్తిచేసి అలాగే పెట్టాను. మా వీడియోలన్నిటిలోకీ జనం ఎక్కువగా చూసింది అదే. బజార్లో పిల్లలు కూడా ఆమె గొంతుతో ఆ మాట అనేవాళ్లు. ఇంకేం, దొరికింది కదా అని నేను వరసగా మతిమరుపు అత్త కథలే రాశాను. చాయ్‌లో ఉప్పేసే అత్త, ఇంట్లో ఉన్న చెప్పుల కోసం ఊరంతా తిరిగే అత్త. ఏదీ నేర్పాల్సిన పని ఉండేది కాదు. ఎంత సహజంగా చేస్తోందో అని ఫోన్లో మా ఆయనకు చెప్పి సంబరపడ్డాను. సిగ్గులేనిదాన్ని.

తర్వాత ఒక మధ్యాహ్నం కొత్తిమీర తెస్తానని బయటికెళ్లి తిరిగి రాలేదు. బస్టాండులో కూర్చుని ఉంటే వీడియోలు చూసినవాళ్లెవరో గుర్తుపట్టి తీసుకొచ్చారు. జగిత్యాల తీసుకెళ్లాను. డాక్టరు రాసుకుంటూనే అడిగాడు: "ఇది ఇయ్యాల్టిది గాదమ్మా. రెండేండ్ల సంది ఉండి ఉంటది. ఇంట్లనే ఉంటవ్ గదా, సూడలేదా?"

చూడలేదని ఎలా చెప్పను? ఫోన్లో ముందుకీ వెనక్కీ తిప్పి, ఏది బాగా నవ్వొస్తుందో ఏరి ఏరి మరీ చూశాను.

తగ్గదన్నాడు. అరుపులు, తొందర లేకుండా నెమ్మదిగా చూసుకుంటే ఇంకొన్నాళ్లు మనుషుల్ని గుర్తుపట్టవచ్చన్నాడు. నాకు ఆ కొన్నాళ్లు కావాలి. ఆమె నన్ను పిల్లా అని పిలిచే రోజులు ఎన్ని మిగిలితే అన్నీ కావాలి. ఇంటికొచ్చి స్టాండు మడిచి అటక మీద పడేశాను.

అంతటితో మనసు కుదుటపడుతుందనుకున్నాను. ఎక్కడిది! మొదట్లో వారానికొకటి నేనొక్కదాన్నే తీసి పెట్టాను, అదీ చేతకాలేదు. "అవ్వ యాడ వోయింది?" అని జనం రాస్తున్నారు. "పైసలచ్చినంక బలిసింది" అని కొందరు. మా ఆయన కూడా, "ఒక్కటన్న వెట్టరాదా, అందరడుగుతున్నరు," అంటాడు. ఇంత కష్టపడి కట్టుకున్నది రోజురోజుకూ కూలిపోతుంటే చూస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నం ఆమె పడుకుంటే పక్కన నేనూ నడుం వాలుస్తాను. గేటు చప్పుడైతే చాలు, లేచి ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడుస్తాను. ఒకసారి నిద్రపోతున్న ఆమె ముఖం చూసి, నీ వల్లనే కదా అనుకున్నాను. అనుకున్నది దాచుకుని ఏం లాభం.

పోయిన వారం పొద్దున, ఆ తొమ్మిదిన్నరకే, ఆమె పెట్టెలోంచి పట్టంచు చీర తీసి కట్టుకుని వచ్చి, వాకిట్లో మేం వీడియోలు తీసే గద్దె మీద కూర్చుంది. కుచ్చిళ్లు సరిగ్గా రాలేదు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. బస్సులో కొత్తవాళ్లకు జరిగినట్టు కాస్త జరిగి చోటిచ్చింది.

"నువ్వు గూడ వీడియోకేనా?" అంది.

"నేను అత్తమ్మా."

వినిపించుకోలేదు. గుమ్మం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "ఇయ్యాల గూడ లేనట్టుంది. మా కోడలు తీస్తలేదు. నాకు మాటలు యాదికుంటలేవని కోపానికచ్చింది. దాని తప్పేం లేదు, పాపం. పొద్దందాక కష్టపడ్తది. నేనే ఖరాబ్ జేసిన."

"కోపం లేదత్తమ్మా. నీకు జెర ఆరాం ఉండాలని ఆపింది."

"నీకు తెల్వది. కోపం లేకుంటె ఇన్ని దినాలు ఊకుంటదా? నువ్వు జెర జెప్పు బిడ్డా. ఈ ఒక్కసారి తియ్యమను. మంచిగ జేస్తనని జెప్పు. లోపట్నే ఉన్నది."

"జెప్త," అన్నాను.

"ఇప్పుడే పో."

లేచి లోపలికి వెళ్లాను. ఏ ముఖం పెట్టుకుని బయటికి రావాలో తెలియక వంటింట్లో నిలబడ్డాను. కాసేపటికి వాకిట్లోంచి ఆమె గొంతు వినిపించింది.

"ఏమన్నదమ్మా?"