నర్సుకి చెప్పిన పది

ట్రెవర్ బ్లెంకిన్‌కి కోపం కొత్త కాదు. అయితే ఆ మార్చి నెలలో వచ్చిన కోపం అతనెరిగిన కోపాల్లో లేదు. మంగళవారం పొద్దున, ఇంగ్లండులో హల్ ఊరి అంచున, కారవాన్లనే చక్రాల ఇళ్ళు తయారుచేసే ఫ్యాక్టరీలో, అల్మారా తలుపుకి బిగించాల్సిన కీలు ఒకటి చేతిలోంచి జారి కింద పడింది. వంగి తీసుకునే బదులు సుత్తి తీసుకుని ఆ కీలు రేకు ముక్కలా చదునయ్యేదాకా కొట్టాడు.

పక్కన సింకులు బిగించే గాజ్ పని ఆపి చూశాడు.

"ఆ కీలు నిన్నేమందిరా?"

"నోర్ముయ్."

"మెడలో ఆ పాలపీక తగిలించుకున్నప్పట్నుంచీ నువ్వు మనిషిలా లేవు. పొద్దున్నించీ చప్పరిస్తూనే ఉన్నావు. దానికన్నా నీ బొటనవేలు నోట్లో పెట్టుకుంటే పోలా?"

మెడలో ఉన్నది వేప్, నికోటిన్ ద్రవాన్ని ఆవిరి చేసి పీల్చుకునే గొట్టం. పొగాకు మానేవాళ్ళ క్లినిక్‌లో ఊరికే ఇచ్చారు. జారిపోకుండా బూటు తాడు కట్టి వేలాడదీసుకున్నాడు. ఐదు రోజులుగా దాన్ని పీలుస్తూనే ఉన్నాడు. వారానికి రావలసిన సీసాలు నాలుగు రోజుల్లోనే అడుగంటాయి. గొంతు ఎండిపోయింది, నాలిక మొద్దుబారింది, లోపలి ఆకలి మాత్రం గుండుసూదంత కూడా తగ్గలేదు. ఏనుగు దాహానికి ఉగ్గుగిన్నెతో నీళ్ళు పోస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

మానాలనేమీ అతను మొక్కుకోలేదు. కాలు మానిపిస్తోంది. ఎడమ కాలి రక్తనాళం పూడుకుపోయింది. నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేసి రాయయిపోతుంది, నిలబడితే వదులుతుంది. అందుకని బజార్లో ప్రతి దుకాణం అద్దం ముందూ ఏదో కొనేవాడిలా నిలబడడం అలవాటు చేసుకున్నాడు. ఒకసారి ఆడవాళ్ళ లోదుస్తుల కొట్టు ముందు పట్టేసింది. వాళ్ళావిడ లినెట్ అది ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

సర్జన్ మాత్రం నవ్వలేదు. "పొగ తాగేవాడి కాల్లో రక్తానికి కొత్త దారి వెయ్యను. నెల్లాళ్ళలో మళ్ళీ పూడుతుంది. ఆరు వారాలు మాని, క్లినిక్‌లో ప్రతి గురువారం ఊపిరిలో పొగ కొలిచే యంత్రంలోకి ఊది చూపించండి. ఏప్రిల్ ఆఖరుకి ఆపరేషన్ తేదీ ఇస్తాను. లేదంటే మీ పేరు వరసలో చివరికి పోతుంది. అప్పటికి కాలు బాగుచెయ్యడం గురించి కాదు, ఎక్కడిదాకా తియ్యాలన్న దాని గురించి మాట్లాడుకోవాల్సొస్తుంది," అన్నాడు.

అదీ సంగతి. పొగ మానితే కాలు ఉంటుంది. ఇంత సూటి లెక్క చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది. మరి ఎక్కడ తప్పింది?

తప్పింది మొదటి గురువారమే, మొదటి ప్రశ్న దగ్గరే. క్లినిక్‌లో బెథనీ అనే నర్సు ఉంది. పాతికేళ్ళుంటాయి, గోళ్ళు శుభ్రంగా ఉంటాయి, ఏం చెప్పినా రాసుకుంటుంది. "రోజుకి ఎన్ని సిగరెట్లు తాగుతారండీ?" అనడిగింది. పక్క కుర్చీలో లినెట్ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది.

"ఓ పది," అన్నాడు ట్రెవర్.

ఆ ఊళ్ళో డాక్టరుకి నిజం చెప్పేవాడు లేడు. ఎనిమిది గ్లాసుల బీరు తాగేవాడు నాలుగంటాడు, ఇరవై సిగరెట్ల వాడు పదంటాడు. అది అబద్ధమని ఎవరూ అనుకోరు, మర్యాద అనుకుంటారు. పాతకాలపు డాక్టర్లకీ ఈ సంగతి తెలుసు. నాలుగంటే ఎనిమిదని రాసుకునేవాళ్ళు. చెప్పేవాడు సగం చేసేవాడు, వినేవాడు రెట్టింపు చేసేవాడు, లెక్క సరిపోయేది. ఆ మర్యాద బెథనీకి ఎవరూ నేర్పలేదు. పదంటే పది అని రాసుకుంది. గోడ మీది పట్టికలో వేలు పెట్టి చూసి, ఆరు మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్న సీసాలు చేతిలో పెట్టింది.

అసలు లెక్క రోజుకి ముప్ఫై సిగరెట్లు. ముప్ఫై గ్రాముల పొగాకు పొట్లం రెండు రోజులు వచ్చేది. తనే కాగితంలో చుట్టుకునేవాడు, ఒంటి చేత్తో, కళ్ళు మూసుకుని కూడా. సర్జన్ గడువు పెడుతున్నప్పుడే చెప్పెయ్యొచ్చు. చెప్పలేదు. ఎందుకంటే లినెట్‌కి కూడా పదే తెలుసు. కూతురు పుట్టినప్పుడు ఆవిడ పూర్తిగా మానేసింది, ఇతను పదికి దిగుతానని మాటిచ్చాడు. ఇంటి దగ్గర దిగాడు కూడా. పెరట్లో పూలకుండీలో రోజూ పది ముక్కలే ఉండేవి. మిగతా ఇరవై ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డులో కాలేవి. ఇరవై ఆరేళ్ళు అలా నడిచింది.

ఆ మంగళవారం పదింటి టీ వేళకి గాజ్ వెనకే షెడ్డులోకి నడిచాడు. ఎవర్నీ అడగలేదు. గాజ్ పొట్లం అతనే లాక్కుని మూడు చుట్టి, మూడూ వరసగా తాగాడు. తల తేలికైంది. ఆ తర్వాత కాలు గుర్తొచ్చి, షెడ్డు రేకుని బూటుతో తన్నాడు. ఏ కాలితో తన్నాడో తన్నాకగానీ తెలియలేదు.

బుధవారం ఐదు తాగాడు. గురువారం యంత్రంలోకి ఊదితే పద్దెనిమిది చూపించింది. ఆరు దాటకూడదు. అది కాలిన పొగనే పట్టుకుంటుంది, వేప్‌ని పట్టదు.

"తాగారు కదండీ," అంది బెథనీ.

"తాగాను. ఎందుకు తాగనూ? నీ సీసాలో ఉన్నది నీళ్ళమ్మాయ్. స్ట్రాబెర్రీ వాసనేసే నీళ్ళు."

"మీరు చెప్పిన లెక్కకి ఆరు సరిపోవాలండీ. పట్టికలో..."

"పట్టికని తీసుకెళ్ళి సముద్రంలో పారెయ్."

బెథనీ మొహం ఎర్రబడింది. "ఇంకో రెండు గురువారాలు ఇలాగే వస్తే నేను సర్జన్ గారికి రాయాలి బ్లెంకిన్ గారూ. నాకు ఇష్టం లేకపోయినా రాయాలి."

బయటికొచ్చి బస్సు స్టాపు చేరారు. అక్కడ లినెట్ వదిలిపెట్టలేదు.

"పది మానలేకపోయావు. పది. మా అన్న నలభై తాగేవాడు, ఒక్క పూటలో వదిలేశాడు. నీకు కాలు కన్నా ఆ పది ఎక్కువా ట్రెవ్? మందు చాలకపోవడం కాదు, నీకు మనసు లేదు."

మనసు లేదన్న మాట అతని నడినెత్తిన సుత్తిలా పడింది. నిజానికి ఐదు రోజులు ముప్ఫై మీద నుంచి ఆరు మిల్లీగ్రాముల మీదకి దూకి, పళ్ళు బిగబట్టి నిలబడ్డాడు. ఇంకెవడైనా మూడో రోజుకే పడిపోయేవాడు. ఆ సంగతి చెప్పుకోవాలంటే ముప్ఫై అని చెప్పాలి. చెప్పకపోతే పదికే చేతులెత్తేసిన చవట. తను తవ్విన గోతిలో తనే నిలబడి, పైన ఉన్నవాళ్ళందరి మీదా పళ్ళు నూరాడు.

శనివారం హెసిల్ రోడ్డులో వేప్‌ల కొట్టుకి వెళ్ళాడు. నడిపేది షీనా అనే ఆవిడ. యాభై దగ్గర్లో ఉంటుంది. పూర్వం చేపలు ప్యాకింగు చేసే చోట పనిచేసింది, గొంతు ఇప్పటికీ యంత్రాల మీదుగా అరిచే గొంతే.

"ఎన్ని తాగేవాడివి పెద్దాయనా?"

"పది."

"అది నర్సుకి. నాకు చెప్పు."

ట్రెవర్ చేతులు జేబుల్లో దూర్చబోయాడు.

"నీ వేళ్ళు చూడు. పసుపు డబ్బాలో ముంచి తీసినట్టున్నాయి. పది తాగినోడి వేళ్ళా అవి? సరే, అంకె చెప్పకు. పొట్లం ఎన్నాళ్ళొచ్చేది?"

"రెండ్రోజులు."

"పెద్దదా, చిన్నదా?"

"ముప్ఫై గ్రాములు."

ట్రెవర్ జేబులోంచి తీసిన క్లినిక్ సీసాని షీనా తిప్పి అంకె చదివింది. నవ్వలేదు. "ఆరా? నీకా? నువ్వెవర్నీ చంపకుండా ఇంతదూరం వచ్చావంటే గొప్పే." అలమరలోంచి ఇరవై అని రాసున్న చిన్న సీసా తీసి అతని మెడలోని వేప్‌లో నింపింది. "ఇదే పైమెట్టు, దీనికన్నా ఘాటు ఈ దేశంలో అమ్మరు. విను. నీ పొగాకు లాగినట్టు లాగొద్దు. మెల్లగా మూడు దమ్ములు, జేబులో పెట్టు. కాసేపు ఆగు. ఒంటికి అందడానికి టైము పడుతుంది."

చెప్పింది విని ఉంటే అతను ట్రెవర్ ఎందుకవుతాడు? గుమ్మం దాటగానే తొమ్మిది రోజుల కసి అంతా కలిపి పది దమ్ములు లాగాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. చెమట పట్టింది. ఎక్కిళ్ళు మొదలయ్యాయి, ఆగవు. కొట్టు మెట్టు మీద కూలబడ్డాడు. షీనా నీళ్ళ గ్లాసుతో వచ్చింది.

"చెప్పానా?"

"చంపే... హిక్... దామనుకున్నావా?"

"నేను మూడన్నాను. నువ్వు దాన్ని కూడా రెట్టింపు చేసి, ఆ మీద ఇంకో నాలుగు కలిపావు. అంకె మీద నీకేంటయ్యా అంత పగ? నిజం అంకె చెప్పవు, చెప్పిన అంకె వినవు." గ్లాసు చేతికిచ్చి పక్కనే నిలబడింది. "పొద్దున లేవగానే ఇరవై, పనిలో ఇరవై. సాయంత్రం ఇలాగే తల తిరిగితే పన్నెండుకి దిగు. పన్నెండూ ఇస్తాను. తక్కువ తాగితే మంచోడివని ఎవడూ పతకం ఇవ్వడు. తక్కువైతే మళ్ళీ షెడ్డుకే పోతావు. ముందు షెడ్డు మర్చిపో, తగ్గించడం సంగతి ఆనక చూద్దాం."

ఆదివారం కుదర్లేదు. సోమవారం కాస్త కుదిరింది. టీకి ముందు మూడు దమ్ములు, తర్వాత రెండు. మంగళవారం పదింటికి గాజ్ షెడ్డులోకి వెళ్తూ "వస్తావా?" అంటే, "ఎందుకు?" అన్నాడు ట్రెవర్. అన్నాక తనే ఆశ్చర్యపోయాడు. సాయంత్రం పన్నెండు నింపుకుని, లినెట్ తెచ్చిన బంగాళాదుంప పాటీ, చిప్స్ తింటూ ఆవిడ మీద ఒక్కసారి కూడా అరవలేదు.

అదే ఆవిడకి అనుమానం తెచ్చింది. బుధవారం అతని కోటు జేబు వెతికింది. సీసా దొరికింది, ఇరవై అని రాసున్నది. తీసి తన సంచిలో దాచింది. గురువారం క్లినిక్‌లో, ట్రెవర్ ఊదితే యంత్రం మూడు చూపించి, బెథనీ మొహం విప్పారిన క్షణంలో, లినెట్ ఆ సీసా తీసి బల్ల మీద పెట్టింది.

"మూడు వచ్చిందని మురిసిపోకమ్మా. ఈయన చేస్తున్న పని చూడు. నువ్వు ఆరిస్తే, ఈయన దాచుకుని ఇరవై పీలుస్తున్నాడు."

బెథనీ సీసా చూసింది, పట్టిక చూసింది. "ఇది రోజుకి ఇరవై సిగరెట్లు దాటిన వాళ్ళకండీ. పది తాగే మీరు ఇది వాడితే ఇప్పుడున్న దానికన్నా పెద్ద అలవాటు మెడకి చుట్టుకుంటుంది. ఇవాళ్టి నుంచి మళ్ళీ ఆరు. వచ్చే వారం మూడుకి దిగుదాం."

లినెట్ సీసా తన సంచిలో వేసుకుని జిప్పు లాగింది. ట్రెవర్ ఆ జిప్పు వైపు చూశాడు. ఆరు మీద సోమవారానికి షెడ్డులో ఉంటాడు. గురువారానికి మళ్ళీ పద్దెనిమిది. ఆ పై గురువారానికి సర్జన్‌కి ఉత్తరం.

"ముప్ఫై," అన్నాడు.

"ముప్ఫై ఏంటండీ?"

"రోజుకి. పది కాదు. ముప్ఫై. రాసుకో. ఆ పది కొట్టేసి రాసుకో." గొంతు అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. బయట వరసలో కూర్చున్నవాళ్ళు లోపలికి తొంగిచూశారు.

లినెట్ అతని వైపు తిరగలేదు. "పూలకుండీలో పదే ఉండేవి," అంది. "నేను చూసేదాన్ని."

"అవి ఇంటివి. మిగతావి ఫ్యాక్టరీలో."

"ఎప్పట్నుంచి?"

"ఎప్పుడూ."

ఆవిడ జిప్పు తీసి, సీసా బల్ల మీద పెట్టి, లేచి వెళ్ళిపోయింది. బెథనీ పది మీద గీత కొట్టి ముప్ఫై రాసింది. ఇరవైవి నాలుగు సీసాలు, పన్నెండువి రెండు, సంచిలో వేసి ఇచ్చింది. "వెళ్ళండి. ఆవిడ దూరం వెళ్ళిపోతారు," అంది.

వీధిలో లినెట్ చాలా ముందుంది. ట్రెవర్ వెనక నడిచాడు. చెప్పుల దుకాణం దాటేలోపే పిక్క పట్టేసింది. అద్దం వైపు తిరగలేదు ఈసారి. వీధి మధ్యలో, వచ్చేపోయేవాళ్ళకి అడ్డంగా, పళ్ళు బిగించి నిలబడ్డాడు.

ఆవిడ ఆగింది. వెనక్కి తిరిగి వచ్చింది. దగ్గరికొచ్చి కూడా రెండడుగుల దూరంలోనే నిలబడింది.

"ఇంకేం సగం చెప్పావు నాకు?"

"కాలు."

"కాలేంటి?"

"వంద గజాలు నడవగలనన్నాను, నీకూ సర్జన్‌కీ. యాభై కూడా లేదు. క్లినిక్ గుమ్మం అదిగో, చూడు."

లినెట్ గుమ్మం వైపు చూసింది. దూరం కళ్ళతో కొలిచింది. నోటికొచ్చిన బూతు ఒకటి తిట్టింది. పెళ్ళైనప్పట్నుంచి ఆ మాట ఆవిడ నోట అతను వినలేదు.

"పద," అంది. "ఆ పిల్ల చేత అది కూడా కొట్టేయించు. సర్జన్‌కి రాయించు."

"ఆగు. ఇంకా వదల్లేదు."

"ఆగాను కదా. నాతో మాట్లాడకు."

పిక్క వదిలేదాకా ఆవిడ అతనికి వీపు పెట్టి నిలబడింది. వదిలాక, అతని కన్నా ఒక అడుగు ముందుగా, క్లినిక్ వైపు నడిచింది.