మా అవ్వ ఊదిన డబ్బా

ఆ రోజుల్లో సైన్సు అంటే మాకు గొంతుకు సంబంధించిన వ్యవహారం. ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లకు సైన్సు బాగా వచ్చినట్టు లెక్క. కోరుట్లలో మేం చదివిన సర్కారు బడిలో సైన్సు సారు గైడు తెరిచి ప్రశ్న చదివేవారు, మేం జవాబు అరిచేవాళ్లం. "ఊపిరితిత్తులు ఎక్కడ ఉంటాయి?" అంటే "ఉరఃకుహరంలో ఉంటాయి" అని రేకుల కప్పు అదిరేలా చెప్పేవాళ్లం. ఆ ఉరఃకుహరం ఎక్కడుంటుందో మాత్రం ఎవరికీ తెలియదు. (నేను చాలాకాలం అది ఆదిలాబాద్ దిక్కున ఉన్న ఊరనుకున్నాను. చుట్టాలెవరూ లేరు కాబట్టి అటు వెళ్లే పని పడలేదు.)

తొమ్మిదో తరగతిలో ఆయన బదిలీ అయి డబ్బా సారు వచ్చారు. పేరు మేం పెట్టిందే. ఎప్పుడూ చంకలో ఒక రేకు డబ్బా, అందులో దారాలు, బుడగలు, నిమ్మకాయలు, పగిలిన అద్దం ముక్కలు ఉండేవి. ఏమడిగినా జవాబు చెప్పకుండా "చూద్దాం పా" అనేవారు. పాపం ఈయనకు ఏమీ రాదేమోనని మొదట్లో జాలిపడ్డాం. ఊపిరితిత్తుల పాఠం రోజు ఆయన ఒక పెద్ద ప్లాస్టిక్ డబ్బా నిండా నీళ్లు పోసి, నీళ్లున్న తొట్టిలో బోర్లించి, మూతి కిందికి ఒక పైపు దూర్చారు. రెండో కొస మా నోటికిచ్చి ఒక్క ఊపిరిలో ఊదమన్నారు. మా గాలి బుడబుడమని పైకెక్కింది, డబ్బాలో నీళ్లు కిందికి దిగాయి. మా ఊపిరి ఇంత ఉంటుందని మేం కళ్లతో చూడటం అదే మొదలు. "ఇంట్ల అందరితోటి ఊదించుండ్రి. ఎవలయి ఎంత దిగితే అంతకాడ గీత వెట్టుండ్రి" అని ఇంటికి పని ఇచ్చారు.

కిరాణా కొట్టులో ఖాళీ నూనె డబ్బా దొరికింది. పైపు మా వాడలో సైకిల్ షాపు చాచా ఇచ్చాడు, తన చేత ముందు ఊదించాలన్న షరతు మీద. గీతలకు అక్క దాచుకున్న గోళ్ల రంగు కాజేశాను. చాచా ఊదితే నీళ్లన్నీ దిగిపోయాయి. "డబ్బా చిన్నగున్నది బేటీ, ఇంకోటి తే" అని మీసం సర్దుకున్నాడు. ఇక వాడంతా మా ఇంటి ముందే. నీళ్లు ఎంత దిగితే అంత ఆయుష్షని ఎవరు పుట్టించారో తెలియదు గానీ, గీత తక్కువ వచ్చినవాళ్లు ఇంటికి పోయి రెండు జొన్నరొట్టెలు తిని మళ్లీ వచ్చారు. "అందరు మూతిపెట్టిన పైపు నేను ముట్ట" అన్న నానమ్మ కూడా ఆయుష్షు మాట వినగానే పైపును కొంగుతో తుడిచి అందుకుంది.

అవ్వ ఒక్కతే మిగిలింది. (మేం అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం.) ఆమె ఎప్పటిలాగే గడపలో కూర్చుని, ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చేస్తోంది. మా వాడలో ఆడవాళ్లందరిదీ అదే పని. నాకు అవ్వ వాసన, తంబాకు వాసన వేరువేరని చాలా ఏళ్లు తెలియదు. "నాకెందుకే బిడ్డా, పనాగుతది" అంది. ఆమె గీత లేకపోతే ప్రయోగం పూర్తి కాదని వెంటపడ్డాను. చాట దించకుండానే ఊదింది. నాలుగు బుడగలు వచ్చాయి, దగ్గు వచ్చింది. నీళ్లు కదిలీ కదలనట్టు కదిలాయి. అందరూ నవ్వారు. అవ్వ కూడా నవ్వింది.

"పైపు పగిలిందేమో" అని చాచా ఇంకోటి తెచ్చాడు. అంతే వచ్చింది. "ఒళ్లె చాట వెట్టుకుంటే ఊపిరెట్లస్తది" అంది నానమ్మ. అవ్వ చాట దించి ఊదింది. ఇంకా తగ్గింది. "మీరు నవ్విపిస్తున్నరు, గందుకే" అంది అవ్వ, కళ్లనీళ్లు తుడుచుకుంటూ. అవ్వ గీత నానమ్మ గీతలో సగానికి కూడా రాలేదు. నాకు ఒళ్లు మండింది. ఇంత చక్కటి ప్రయోగాన్ని ఇంట్లోవాళ్లే చెడగొట్టారని అన్నం తినకుండా అలిగాను.

మర్నాడు బడిలో లేచి నిలబడి, "సార్, మా ప్రయోగం ఫెయిలైంది. మా అవ్వ గీత తప్పచ్చింది" అన్నాను. పిల్లలు నవ్వారు. సారు నవ్వలేదు.

"మల్ల ఊదిపించినవా?"

"పైపు మార్చిన, చాట దించిన. గట్లనే అచ్చింది సార్."

"అయితే ఫెయిల్ కాలేదు బిడ్డా. మీ అవ్వ ఏం పని జేస్తది?"

చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుస్తూ నిలబడిపోయారు. "చూద్దాం పా" అనలేదు. సాయంత్రం మా ఇంటికి వచ్చారు, చంకలో డబ్బా లేకుండా. బాపుతో చాలాసేపు మెల్లగా మాట్లాడారు. "పిల్ల ఆట వట్టుకొని దవఖానకు వోతరా సారూ, నేను మంచిగనే ఉన్న" అని అవ్వ మొత్తుకుంది. అయినా బాపు జగిత్యాల తీసుకెళ్లాడు. అక్కడ ఆమెకు మిషన్ పైపు ఇచ్చి ఊదమంటే, "గిది మా బిడ్డ తయారు జేసిందే గద" అందట నర్సుతో. ఆ మాట అవ్వ వాడంతా గర్వంగా చెప్పుకుంది. డాక్టరు చెప్పింది మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఏళ్ల తరబడి పీల్చిన తంబాకు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందని, పోయింది తిరిగి రాదని, పని మానేస్తే ఉన్నదైనా నిలుస్తుందని ఆయన చెప్పాడు.

మానేస్తే ఇల్లెట్లా గడవాలి? అవ్వ గడప వదిలి వాకిట్లో కూర్చుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని చేసింది. ఎవరైనా వస్తే సిగ్గుపడి ఆ గుడ్డ తీసేసేది. ఆ డబ్బా పుణ్యమా అని మరికొన్నేళ్లు మాకు దక్కింది. చివర్లో వేడి చాయ్ ఊదుకోవడానికి కూడా ఊపిరి చాలేది కాదు. నేనే ఊది ఇచ్చేదాన్ని. నాకు టీచర్ ఉద్యోగం వచ్చేనాటికి ఆమె లేదు. ఆ దుఃఖం నాకింకా తీరలేదు.

ఇప్పుడు సిరిసిల్లలో సైన్సు చెబుతున్నాను. తరగతిలో పెద్ద తెర ఉంది. అందులో ఊపిరితిత్తులు ఎర్రగా, నీలంగా ఉబ్బుతాయి. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు, గంట కొట్టగానే మరిచిపోతారు. అందుకే నా డబ్బా నేను మోసుకొస్తాను. (వెనకాల నన్నేమంటారో నాకు తెలుసు. తెలియనట్టు ఉంటాను.) ఇదే ప్రయోగం ఇంటికి పనిగా ఇస్తే బోలెడు కథలు తెస్తారు. ఒకరి తాత ఊదిన ఊపుకు కట్టుడు పళ్లు తొట్టిలో పడ్డాయట.

మొన్న అందరూ వెళ్లిపోయాక ఒక పిల్ల మూతి ముడుచుకుని నా బల్ల దగ్గర నిలబడింది.

"మాది ఫెయిలైంది టీచర్. మా బాపు ఊదితే నీళ్లు కదుల్తలేవు."

"పైపు మార్చినవా?"

"మార్చిన. నిలవడి ఊదుమన్న. గట్లనే అస్తున్నది."

బాపు ఏం చేస్తాడని అడిగాను. సాంచెల (మరమగ్గాల) మీద, నూలు దుమ్ములో బట్ట నేస్తాడట, చిన్నప్పటి నుంచీ. కిటికీ అవతల వాడలో సాంచెలు టకటకమంటూనే ఉన్నాయి. ఇంత చక్కటి ప్రయోగాన్ని ఇంట్లోవాళ్లే చెడగొట్టారన్న కోపం ఆ మొహం నిండా ఉంది. అది నాకు బాగా తెలిసిన మొహం. దాన్ని చూస్తే నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లు మండాయి.

"ఫెయిల్ కాలేదు బిడ్డా" అన్నాను.

డబ్బా బల్ల మీదే వదిలేసి, ఆ పిల్ల వెంట వాళ్ల ఇంటికి బయలుదేరాను.