మంచం అంచు మీది కథలు

మా ఆర్యపల్లిలో పడవ మోత వినపడితే చేపలమ్మే ఆడవాళ్లు లేచి పరుగెత్తుతారు. వల దగ్గర ముందు ఎవరి గంప ఆనితే బేరం వాళ్లదే. గంప ఎత్తడం మానేసి చాలా కాలమైనా మా అమ్మ కాళ్లు ఆ సంగతి మరవలేదు.

బరంపురం డాక్టరు రక్తపోటు మాత్ర మార్చాక, అమ్మ లేస్తే చాలు కళ్లకు చీకట్లు కమ్మేవి. ఆ మాత్రకు రక్తనాళాలు సడలుతాయనీ, లేవగానే రక్తం కాళ్లలోకి దిగి తలకెక్కడం ఆలస్యమవుతుందనీ ఆయన ఒడియా కలిసిన తెలుగులో చెప్పారు.

"ఆస్తే ఆస్తే, మెల్లమెల్లగా లేవాలి మావుసీ. మంచం అంచున కాసేపు కూర్చుని, కాళ్లాడించి, అప్పుడు నెమ్మదిగా లేవండి."

"కాళ్లాడించడానికి నానేటి, ఉయ్యాల్లో పిల్లనా?" అంది అమ్మ, తిరిగొచ్చే ఆటోలో.

చెబితే వినే మనిషి కాదు. నాకా, కోతలు కోయడం తప్ప మరో విద్య రాదు. అందుకని పొద్దున్నే ఆమె కాళ్లు కిందికి దించగానే పక్కన చేరి మొదలెట్టేవాణ్ని. సొరచేప తోక పట్టుకుని గోపాల్‌పూర్ దాకా వెళ్లొచ్చాననో, పీత ఒకటి మా తాత చుట్ట లాక్కుని, ఓ దమ్ము పీల్చి మళ్లీ ఇచ్చేసిందనో.

"ఇచ్చీసినాదా? నీకంటే నయిం," అనేది.

ఆమె ముఖం తేటపడేదాకా కథ సాగదీసేవాణ్ని.

"అబద్దం అయిపోనాదా? ఇంక లెగొచ్చా?" అంటూ నా భుజం పట్టుకుని లేచేది.

ఆ రోజు తాబేలు వీపు మీద పెళ్లి ఊరేగింపు చెబుతున్నాను. పెళ్లికొడుకు ఇంకా ఎక్కలేదు. ఒడ్డున పడవ మోత వినపడింది. అమ్మ దిగ్గున లేచింది. నా చెయ్యి ఆమె కొంగు దాకానే వెళ్లింది.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేశారు గానీ, అమ్మ మళ్లీ నిలబడలేదు.

ఇప్పటికీ పొద్దున్నే వెనక దిండ్లు పెట్టి కూర్చోబెడతాను. మొన్న తిమింగలం కడుపులో టీకొట్టు సంగతి ఎత్తుకుంటే, అమ్మ కిటికీ వైపు చూస్తూ, "ఇంక నాకెందుకురా కతలు? లెగిసేదేటి, పడేదేటి?" అంది.

తల వంచుకుని దిండు సర్దాను.

ఆమే నా చేతి మీద చెయ్యి వేసింది.

"ఆ తాబేలు మీద పెళ్లికొడుకు ఎక్కినాడేట్రా?"

"ఇంకా లేదమ్మా."

"తొందరేటి? ఆస్తే ఆస్తే ఎక్కమను."